ఆపేవారి ప్రాణం, ఆగినవారి మానం

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పైనా, వారి కుటుంబంపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

 

ఈ మస్జిదుకు వచ్చేవారిలో సోమాజిగూడ నివాసులు కొద్దిమందే. అమీర్‌పేటలో కోచింగు కొరకు జిల్లాలనుండి వచ్చిన విద్యార్థులు, ఆసుపత్రుల్లో రోగులకు తోడుగా ఉన్నవారు, రాత్రి పన్నెండు దాటినా బండిమీద భోజనం పొట్లాలు మోసే యువకులు, హోటళ్లలో పనిచేసేవారు — ఎక్కువమంది వీరే. వీరిలో పంజాగుట్ట కూడలిలోనో, రాజ్‌భవన్ రోడ్డులోనో, బేగంపేట వైపో పోలీసు ఆపగా ఆగనివారు అరుదు. బండి కాగితాలు, లైసెన్సు, మద్యం పరీక్ష, ఒక్కోసారి సంచి తనిఖీ, మరోసారి ఫోన్. ఆగిన ప్రతిసారీ మనస్సులో రెండు భయాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఆగినవాని భయం మనకు తెలుసు. ఆపినవాని భయం గురించి మనం ఆలోచించడం తక్కువ. ఈ జుమాలో ఆ రెండింటినీ షరీఅత్ వెలుగులోనూ, మన దేశ చట్టం వెలుగులోనూ పరిశీలించదలచాను.

మొదట ఆపినవాని సంగతి చెబుతాను. మనకు కష్టంగా తోచేది అదే కాబట్టి ముందు అదే చెప్పడం న్యాయం. 2015 ఏప్రిల్ ఒకటవ తేదీ అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండులో పోలీసులు బస్సులు తనిఖీ చేస్తున్నారు. ప్రతిరోజూ జరిగే తనిఖీవంటిదే. బస్సులో ఉన్న ఇద్దరు సాయుధులు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు అక్కడే ప్రాణాలు విడిచారు, ఇన్‌స్పెక్టర్ గాయపడ్డారు. మూడు రోజుల తరువాత జానకీపురం వద్ద ఆ ఇద్దరు సాయుధులు మరణించారు. ఆ కాల్పుల్లో మరొక కానిస్టేబుల్ మరణించగా, గాయపడిన సబ్ ఇన్‌స్పెక్టర్ సిద్ధయ్య ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశారు. కాల్చినవారి పేర్లు మన పేర్లే. దాన్ని దాచుకొని ఈ మింబర్ వద్ద న్యాయం గురించి మాట్లాడటం నాకు తగదు.

మొన్నటి సంగతి కూడా వినండి. 2025 అక్టోబరు 17, అదీ జుమా దినమే. నిజామాబాద్‌లో వాహన దొంగతనాల కేసుల్లో అనుమానితుడైన రియాజ్‌ను పట్టుకొని ద్విచక్ర వాహనంపై స్టేషనుకు తీసుకొని పోతున్న కానిస్టేబుల్ ప్రమోద్‌ను అతడు కత్తితో పొడిచి చంపాడు. ఆ కానిస్టేబుల్ అతనిని ఏ విధంగా కూర్చోబెట్టుకొన్నాడో, ఎందుకు అంతగా నమ్మాడో మనం చెప్పలేము. ఒక ఇంటిలో దీపం ఆరిపోయిందన్నది మాత్రం నిజం. రెండు రోజుల తరువాత అతనిని పట్టుకొనే ప్రయత్నంలో గాయపడిన పౌరుడు ఒక ముస్లిం యువకుడే. అల్లాహ్ అతనికి ప్రతిఫలం ప్రసాదించుగాక!

ఒక నిరపరాధి ప్రాణాన్ని తీయడం సమస్త మానవజాతిని చంపడంతో సమానమని సూరా మాయిదా 32వ ఆయతు బోధిస్తోంది. ఆ ఆయతులో దుస్తుల రంగుకు మినహాయింపు లేదు. దారి కాపలా కాసే చేతులు మనకు శత్రువుల చేతులు కావు. ప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చిన తొలి రోజుల్లో ఒక రాత్రి నిద్ర పట్టక, ఎవరైనా సజ్జనుడు ఈ రాత్రి కాపలా ఉంటే బాగుండునని అభిలషించారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీలో ఉంది. అంతలో ఆయుధాల చప్పుడు వినిపించింది. చీకటిలో ఆయుధం చప్పుడు వినగానే ప్రవక్త (సఅసం) మొదట చేసిన పని ఎవరని అడగడం. వచ్చిన వ్యక్తి తాను సఅద్ బిన్ అబీ వఖాస్‌నని, కాపలా కొరకు వచ్చానని తెలిపారు. అప్పుడు ప్రవక్త (సఅసం) నిద్రించారు. పేరు అడిగారు, పేరు చెప్పారు, వచ్చిన పని చెప్పారు. అంతే.

మన దారి తనిఖీల్లో సగం తగవులు ఈ మూడు మాటలు లేకపోవడం వల్లనే పుడుతున్నాయి. 2024 జులై 1నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షను, అరెస్టు చేసే పోలీసు అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా ధరించాలని ఆదేశిస్తోంది. పూర్వపు నేరవిచారణ స్మృతిలోనూ ఆ నియమం ఉంది. దానికి మూలం 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. 47వ సెక్షను ప్రకారం వారెంటు లేకుండా అరెస్టయిన వ్యక్తికి కారణం చెప్పాలి. 48వ సెక్షను ప్రకారం అతని బంధువుకో, మిత్రునికో కబురు అందించాలి. మరి మన వంతు? మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపడం మన విధి. అక్కడ వాదించడానికి తావు లేదు.

అమ్ములు పట్టుకొని మస్జిదులోనో, బజారులోనో నడిచేవారు వాటి మొనలను చేతితో పట్టి ఉంచాలని, ఎవరికీ గీసుకోకూడదని ప్రవక్త (సఅసం) ఆజ్ఞాపించారు. ఆ అమ్ము ఎవరినీ కొట్టడానికి తెచ్చినది కాదు. అయినా ఎదుటివానికి ప్రమాదం తోచకుండా చూడటం మోసేవాని బాధ్యత అయింది. యువకులారా! రాత్రివేళ ఆపినప్పుడు బండి ఆపివేయండి, చేతులు హ్యాండిల్ మీద కనిపించేలా ఉంచండి, కాగితం తీయడానికి జేబులో చేయి పెట్టేముందు చెప్పి పెట్టండి. పరుగెత్తకండి. పరుగెత్తే నిరపరాధికీ, పరుగెత్తే దొంగకూ చీకటిలో భేదం కనిపించదు. ఇందులో అవమానం ఏమీ లేదు. ఎదుటివాడు కూడా ఇంటికి క్షేమంగా పోవలసిన మనిషే. మన సఫ్‌లలోనే ఖాకీ దుస్తులతో నిలబడి, సలాం తిప్పిన వెంటనే విధులకు పరుగెత్తే హోంగార్డు సోదరులు ఉన్నారు. వారి ఇంట్లోనూ రాత్రి తలుపు చప్పుడు కొరకు ఎదురుచూసే తల్లులు ఉన్నారు.

ఇక ఆగినవాని సంగతి.

సూర్యాపేట ఉదంతం తరువాత, సిద్ధయ్య మరణించిన ఆ ఏప్రిల్ 7నే, వరంగల్ జైలునుండి హైదరాబాద్ న్యాయస్థానానికి వ్యానులో తరలిస్తున్న వికారుద్దీన్, మరి నలుగురు విచారణ ఖైదీలు ఆలేరు సమీపంలో పోలీసు కాల్పుల్లో మరణించారు. ఆయుధం లాక్కోబోయారన్నది పోలీసుల కథనం. వ్యాను లోపల సీట్లలోనే, చేతులకు బేడీలతో పడి ఉన్న దేహాల ఛాయాచిత్రాలు పత్రికల్లో వచ్చాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించింది. నిజామాబాద్‌లోనూ అదే జరిగింది. పట్టుబడిన రియాజ్ అక్టోబరు 20న ప్రభుత్వ ఆసుపత్రిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆయుధం లాగబోయాడని అక్కడా చెప్పారు. ఆ ఐదుగురూ, ఈ ఒక్కడూ నిర్దోషులని నేను ప్రకటించడం లేదు. నేను ఖాజీని కాను. అయితే వారిని దోషులని తేల్చవలసినది కూడా తుపాకి కాదు.

ఈ విషయంలో షరీఅత్ గీసిన గీత స్పష్టంగా ఉంది. ఎదుటివాని చేతిలో ఏముందో తెలియనంతవరకు అధికారి భయానికి విలువ ఉంది. ఆ చేయి ఖాళీ అని తేలిన క్షణంనుండి, అతడు పట్టుబడిన క్షణంనుండి, ఆ మనిషి ప్రాణం, దేహం, మానం పట్టుకొన్నవాని చేతిలో అమానత్. అమానత్ మోసేవాడు దానికి లెక్క చెప్పాలి. హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమాం అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) తన ‘కితాబుల్ ఖరాజ్’ గ్రంథంలో ఖలీఫాకు ఖైదీల విషయమై హితవు చెప్పారు. నిలబడి నమాజు చేయడానికి వీలులేని విధంగా ఎవరినీ సంకెళ్లతో బంధించరాదని, వారి తిండి ఖర్చు మధ్యలో ఉన్నవారు తినివేయకుండా నేరుగా వారికే ఇవ్వాలని, కేవలం ఎవరో ఆరోపించినంత మాత్రాన ఒకనిని నిర్బంధించరాదని అందులో ఉంది. పన్నెండు శతాబ్దాల నాటి మాట. మన దేశంలో 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు, తగిన కారణం లేకుండా బేడీలు వేయడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. నేటి చట్టం 43వ సెక్షను పదేపదే నేరం చేసేవారు, కస్టడీనుండి పారిపోయినవారు, హత్య, ఉగ్రవాదం వంటి తీవ్ర నేరాల నిందితుల విషయంలో బేడీలకు అనుమతి ఇచ్చింది. 46వ సెక్షను పారిపోకుండా ఉండటానికి అవసరమైనదానికి మించి బంధించరాదని అంటోంది. రెండింటినీ కలిపి చదవాలి.

అనుమానం ఎంతవరకు పోవచ్చు? హదీసు గ్రంథాల్లో దీనికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. మక్కా విజయానికి ముందు హాతిబ్ బిన్ అబీ బల్తఆ (రజి) ఖురైషులకు రహస్యంగా లేఖ పంపారు. ప్రవక్త (సఅసం) హజ్రత్ అలీ, జుబైర్, మిఖ్దాద్ (రజి) గార్లను ‘రౌదతు ఖాఖ్’ అనే చోటికి పంపి, అక్కడ ప్రయాణిస్తున్న ఒక స్త్రీ వద్ద లేఖ ఉందని తెలిపారు. వారు ఆమెను ఆపారు. ఆమె లేఖ లేదన్నది. ఇవ్వకుంటే దుస్తులు సోదా చేయవలసి వస్తుందని వారు హెచ్చరించగా ఆమె తన జడలోనుండి తానే తీసి ఇచ్చింది. ఈ హెచ్చరిక మాటను పట్టుకొని కొందరు ఏ తనిఖీనైనా సమర్థించబూనుతారు. అది సరికాదు. ఆ లేఖ ఉన్నదన్నది అనుమానం కాదు, వహీ ద్వారా తెలిసిన నిశ్చయం. ఏ వస్తువు, ఎవరి వద్ద, ఏ చోట అన్నది ముందే తెలుసు. వస్తువు దొరకగానే తనిఖీ ముగిసింది, ఆమెపై ఎవరి చేయీ పడలేదు. ఒక కానిస్టేబుల్ ఊహకు ఆ స్థాయి ఎక్కడిది? నేటి చట్టం కూడా స్త్రీని సోదా చేయవలసి వస్తే మర్యాదను కఠినంగా పాటిస్తూ స్త్రీయే చేయాలని 49వ సెక్షనులో చెబుతోంది. నిఖాబ్ ధరించిన సోదరీమణులారా, ముఖం చూసి గుర్తించవలసిన అవసరం వస్తే మహిళా పోలీసును అడగండి, మర్యాదగా అడగండి.

ఆ ఉదంతంలో తరువాతి భాగం మరీ ముఖ్యమైనది. లేఖ దొరికింది, సాక్ష్యం చేతిలో ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) శిక్షకు అనుమతి కోరారు. ప్రవక్త (సఅసం) మాత్రం ముందు హాతిబ్‌ను పిలిచి ఎందుకు చేశావని అడిగారు. ఆయన చెప్పినదంతా విన్నారు. రుజువు చేతిలో ఉన్నవాడే విన్నప్పుడు, రుజువు లేనివాడు వినకుండా చేయి ఎత్తవచ్చునా?

కొట్టి నిజం రాబట్టవచ్చునన్న వాదన కొత్తది కాదు. కిలా తెగవారి సొత్తు దొంగతనం పోయింది. వారు కొందరు నేతపనివారిని అనుమానించి నుఅమాన్ బిన్ బషీర్ (రజి) వద్దకు తెచ్చారు. ఆయన కొన్ని రోజులు నిర్బంధించి విడిచిపెట్టారు. కొట్టకుండా, పరీక్షించకుండా వదిలావేమని ఫిర్యాదుదారులు వచ్చి నిలదీశారు. కోరితే కొడతానని, సొత్తు దొరికితే సరే, దొరకకుంటే వారి వీపులపై పడినన్ని దెబ్బలు మీ వీపులపై పడతాయని ఆయన జవాబిచ్చారు. ఇదే అల్లాహ్ తీర్పు, ఆయన ప్రవక్త తీర్పు అని చెప్పారు. అబూ దావూద్‌లో ఈ ఉల్లేఖనం ఉంది. మా మద్రసాలో ఈ హదీసు చదివేటప్పుడు, పేదలైన నేతపనివారి మీదికే అనుమానం ఎందుకు పోయిందో ఆలోచించమని ఉస్తాదుగారు అడిగేవారు. ఆ ప్రశ్నను మీకూ వదులుతున్నాను.

2023 జనవరి చివరలో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం కేసులో అనుమానించి, సీసీటీవీ దృశ్యంలోని వ్యక్తి పోలికలున్నాయన్న కారణంగా ఖదీర్ ఖాన్ అనే కూలిని హైదరాబాద్‌నుండి పట్టుకొనిపోయారు. పోలీసులు తనను కొట్టారని ఆయన ఆసుపత్రిలో చెప్పారు. ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో మరణించారు. హైకోర్టు ఆ విషయాన్ని స్వయంగా విచారణకు స్వీకరించింది. ఒక ముఖానికి మరొక ముఖం పోలి ఉండటం ఎంతటి బలహీనమైన ఆధారం! నుఅమాన్ (రజి) గారి షరతు ఆ స్టేషనులో ఎవరైనా పెట్టి ఉంటే కొట్టడానికి ఎన్ని చేతులు లేచి ఉండేవి?

ముఖం మాట వచ్చింది గనుక ఇది కూడా చెప్పాలి. తెలంగాణ పోలీసులు 2018నుండి తమ యాప్‌లో ముఖ గుర్తింపు సాంకేతికతను వాడుతున్నారు. 2021 మేలో లాక్‌డౌన్ సమయాన పాతబస్తీలో ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపి, మాస్కు తీయమని, నిరాకరిస్తే అలాగే ఫోటో తీశారు. ఆయన రాయి విసరలేదు, బూతు మాట్లాడలేదు. పోలీసు కమిషనరుకు లీగల్ నోటీసు పంపారు, తరువాత హైకోర్టులో వ్యాజ్యం వేశారు. 2022 జనవరిలో న్యాయస్థానం ప్రభుత్వానికి నోటీసులు జారీచేసింది. అదే 2021 అక్టోబరులో నగరంలో పోలీసులు బండ్లు ఆపి, యువకుల ఫోన్లు తీసుకొని, సందేశాల్లో గంజాయి అన్న మాట కొరకు వెదికిన దృశ్యాలు దేశమంతా చూసింది. గంజాయి విషం. దానిని అమ్మేవాడు మన బిడ్డలను చంపుతున్నాడు. అతనిని పట్టుకొనే పోలీసుకు మన దుఆ ఉండాలి. అయినా దారిన పోయే ప్రతివాని ఫోన్ తెరవడం, ప్రతివాని ఇంటి గోడ ఎక్కడంతో సమానం.

గోడ ఎక్కిన ఉదంతం మీరు విన్నదే. హజ్రత్ ఉమర్ (రజి) రాత్రి గస్తీలో ఒక ఇంటినుండి శబ్దం విని గోడ ఎక్కి చూశారని, లోపల ఒకడు మద్యం ముందు కూర్చొని ఉన్నాడని ఉల్లేఖనాల్లో ఉంది. అతడు తాను చేసిన పాపం ఒకటని, ఖలీఫా చేసినవి మూడని లెక్క చెప్పాడు. రహస్యాలు వెదకడం, ద్వారం కాని చోటునుండి ప్రవేశించడం, అనుమతి, సలాం లేకుండా రావడం. ఆనాటి మహా సామ్రాజ్యాలను గడగడలాడించిన ఉమర్ (రజి) ఆ మాట విని అతనిని వదిలి వెనుదిరిగారు. సూరా హుజురాత్ 12వ ఆయతు అతిగా అనుమానించడాన్ని, రహస్యాలు తవ్వడాన్ని వారించడం మనకు తెలుసు. మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. మాదకద్రవ్యాల చట్టంలోనే, 50వ సెక్షనులో, ఒంటిమీద సోదా చేయబోయే వ్యక్తి కోరితే దగ్గరలోని గెజిటెడ్ అధికారి వద్దకో, మెజిస్ట్రేటు వద్దకో తీసుకొనిపోవాలన్న రక్షణ ఉంది. గంజాయి పేరుతో ఆపినవారు ఆ చట్టంలోని ఈ సెక్షనును మరచిపోకూడదు, ఆగినవారూ మరచిపోకూడదు.

సోదరులారా, ఇంతసేపు పోలీసుల అనుమానం గురించి చెప్పాను. మన అనుమానం సంగతేమిటి? వీధిలో ఒక కుర్రవానిని జీపు ఎక్కిస్తే, నిప్పు లేనిదే పొగ రాదని అనేది మనమే. అతని ముఖం ఉన్న వీడియోను అస్ర్ నమాజుకు ముందే పది గ్రూపులకు పంపేది మనమే. రేపు విడుదలై వస్తే గది అద్దెకు ఇవ్వనిదీ, పిల్లనివ్వనిదీ మనమే. మక్కా మస్జిదు పేలుడు తరువాత 2007లో పట్టుబడి, ఏ నేరమూ రుజువు కాక బయటపడిన యువకులకు నాటి ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం ఇచ్చేదీ, న్యాయస్థానం రద్దు చేసేదీ డబ్బు. పేరు తిరిగి ఇవ్వగలిగినది మొహల్లా ఒక్కటే. ఆ పని మనం చేశామా?

ప్రవక్త (సఅసం) కూడా ఒక ఆరోపణపై ఒక వ్యక్తిని నిర్బంధించి, తరువాత విడిచిపెట్టారని అబూ దావూద్, తిర్మిజీలలో ఉంది. కనుక ఆపడమే జుల్మ్ అని అనలేము. ఆపినందుకు కోపం తెచ్చుకోవలసిన పని లేదు. విడిచిపెట్టిన తరువాత ఆ మనిషి పూర్వంవలెనే మదీనా వీధుల్లో తిరగగలిగాడా, అతనికి ఎవరైనా సలాం చెప్పడం మానారా అన్నది ఆలోచించవలసిన సంగతి. ఏ జాతిపట్ల ద్వేషమూ మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదన్నది సూరా మాయిదా 8వ ఆయతు బోధ. ఖాకీ మీది ద్వేషానికీ ఆ నియమమే, గడ్డంమీది ద్వేషానికీ ఆ నియమమే.

ఎవరికైనా అన్యాయం జరిగితే దారిలో తగవుపడకండి. తేదీ, వేళ, చోటు, చొక్కామీది పేరు గుర్తుపెట్టుకొని ఆ రాత్రే కాగితంమీద వ్రాయండి. దెబ్బ తగిలితే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొని చీటీ తీసుకోండి. న్యాయవాదితో మాట్లాడే హక్కు 38వ సెక్షను ఇస్తోంది. ఇరవైనాలుగు గంటలలోపు మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని 58వ సెక్షను చెబుతోంది. ఈ రెండు అంకెలు అమీర్‌పేట గదుల్లో ఉంటున్న విద్యార్థులు ఫోన్‌లో వ్రాసి ఉంచుకోవడం మంచిది. ఊళ్లో ఉన్న తల్లికి కబురు ఎవరు చెప్పాలో కూడా గదిలో ముందే అనుకోండి.

అరబీ ఖుత్బాకు వేళయింది. విధి నిర్వహణలో మరణించిన పోలీసుల కుటుంబాలకు అల్లాహ్ ధైర్యాన్ని, ఆదరువును ప్రసాదించుగాక! రుజువు లేకుండా బంధింపబడినవారికి విడుదలను, వారి తల్లులకు ఊరటను అనుగ్రహించుగాక! ఆమీన్. వెనుక నిలబడినవారు ముందుకు జరగండి, ద్వారం వద్ద దారి వదలండి.